జవాబు తెరిచే ముందు కాగితం తీసుకో

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోల్డర్ తెరిచి చూశాను. వారంలో 40 పైథాన్ ప్రోగ్రామింగ్ లెక్కలు పూర్తయ్యాయని సంబరంగా రాశావు. కానీ ప్రతి ఫైల్లోనూ పుస్తకం వెనకున్న జవాబే కనిపించింది, విలువలు దాచుకోవడానికి పెట్టే వేరియబుల్ పేర్లతో సహా. ఏమీ అనుకోకు, నాకు కాస్త బెంగ కలిగింది. ఆ 40 నువ్వు చదివావు, ఇంకా చేయలేదు.

ఇకనుంచి ఒక్క అలవాటు చేసుకో. రన్ కొట్టే ముందు తెర మీద ఏం వస్తుందనుకుంటున్నావో కాగితం మీద రాయి. తర్వాత రన్ చెయ్యి. రెండూ కలవకపోతే అక్కడ ఆగు. ఎందుకు కలవలేదో తేలేదాకా తర్వాతి లెక్క ముట్టుకోకు.

రెండు అంకెలు అడిగి కూడే లెక్క ఉంది కదా, 5, 3 ఇస్తే 53 వస్తుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరుసే ఇస్తుంది, ప్లస్ గుర్తు స్ట్రింగులను పక్కపక్కన అతికిస్తుంది. ఇంట్‌తో సంఖ్యలుగా మార్చాక కూడితే 8. ఇది తొందరగానే వంటబడుతుంది.

జాబితాలో అతి పెద్ద సంఖ్యను కనుక్కునే లెక్క అలా కాదు. నువ్వు 'పెద్దది' అనే వేరియబుల్‌ను సున్నాతో మొదలుపెట్టావు. మైనస్ 5, మైనస్ 2, మైనస్ 9 ఇచ్చి చూడు, సున్నా అంటుంది. ఆ సున్నా జాబితాలోనే లేదు! ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అచ్చంగా ఇదే రాశాను. నష్టాల పట్టిక మీద నడిపినప్పుడు గానీ బయటపడలేదు. సున్నాకు బదులు జాబితాలోని మొదటి సంఖ్యతోనే మొదలుపెట్టు. ఖాళీ జాబితా వస్తే ఏం చెయ్యాలో కూడా అప్పుడే ఆలోచించాల్సి వస్తుంది, అదీ మంచిదే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది. 2, 4, 6, 7 ఉన్న జాబితాలోంచి సరి సంఖ్యలు తీసెయ్యాలి. ఒక్కో సంఖ్యనూ వరసగా చూసే ఫర్ లూప్ తిప్పుతూ, సరి సంఖ్య కనబడగానే రిమూవ్‌తో తీసేస్తే 7 ఒక్కటే మిగలాలి అనుకుంటాం. 4, 7 మిగులుతాయి. కాగితం మీద గళ్లు గీసి చూడు. లూప్ సంఖ్యలను గుర్తుపెట్టుకోదు, ఎన్నో స్థానంలో ఉన్నానన్నదే గుర్తుపెట్టుకుంటుంది. మొదటి స్థానంలోని 2ను తీసెయ్యగానే 4 జరిగి ఆ చోటుకు వచ్చేస్తుంది. లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్లిపోతుంది, అక్కడిప్పుడు 6 ఉంది. అంటే 4ను అది చూడనే లేదు. తిరుగుతున్న జాబితాను కోయకుండా, బేసి సంఖ్యలను ఒక కొత్త జాబితాలోకి అపెండ్ చేసుకుంటే, అంటే చివర చేర్చుకుంటూ పోతే, ఈ చిక్కు రాదు. జవాబులో ఇచ్చిన ఒక్క వరుస కోడ్ చేసేదీ అదే. కానీ ఈ గళ్లు గీయకుండా ఆ వరుస చదివితే అది ఎందుకు అలా ఉందో నీకెప్పటికీ తెలియదు.

ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తించే లెక్కను నువ్వు 'నటన'తో పరీక్షించావు, సరిపోయింది. 'వికటకవి' ఇవ్వు. కాదంటుంది! పొడవు చెప్పే లెన్‌ను అడిగితే 5 అనదు, 7 అంటుంది. కంప్యూటర్ అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో 'వి' ఒక్కటి కాదు, 'వ' ఒకటి, దాని గుడి ఇంకొకటి. తిరగేస్తే గుడి అన్నిటికన్నా ముందుకొచ్చి కూర్చుంటుంది. 'నటన'లో గుణింతపు గుర్తులు లేవు గనక తప్పు దాక్కుంది. పరిష్కారం ఏమిటంటే, ముందు పదాన్ని అక్షరాలుగా విడదీసి జాబితాలో పెట్టుకో. ఒక్కో గుర్తునూ చూస్తూ పో. అది గుణింతపు గుర్తో, సున్నానో (ం), పొల్లో అయితే కొత్త అక్షరంగా కాక జాబితాలోని చివరి అక్షరానికే అతికించు. ఆ చివరి అక్షరం పొల్లుతో ముగిసి ఉంటే తర్వాతి హల్లునూ దానికే అతికించు, ఒత్తులు అలాగే ఏర్పడతాయి కాబట్టి. తర్వాత ఆ జాబితాను తిరగేసి పోల్చు. నీ భాషలోని పదం నీ ప్రోగ్రామ్‌కు అర్థమైన రోజు ఎంత సంతోషం కలుగుతుందో నువ్వే చూస్తావు.

జవాబు అసలు చూడొద్దని కాదు. ఒక అరగంట పెనుగులాడాక చూడు. చూసి మూసెయ్యి, ఖాళీ ఫైల్లో నీ మాటల్లో రాయి. మర్నాడు పొద్దున మళ్లీ ఇంకో ఖాళీ ఫైల్లో రాయి. అప్పుడు చెయ్యి ఎక్కడ ఆగిందో అదే నీకు రాని చోటు. రోజుకు రెండు లెక్కలు చాలు.

వచ్చే ఆదివారానికి లీపు సంవత్సరం లెక్క చెయ్యి. 4తో భాగిస్తే శేషం సున్నా రావడం ఒక్కటే చూస్తే 2023, 2024, 2000 మూడింటికీ సరైన జవాబే వస్తుంది. 1900 ఇచ్చి చూడు. కోడ్‌తో పాటు నువ్వు ముందుగా రాసుకున్న కాగితం ఫొటో కూడా పంపు, కొట్టివేతలతో సహా.

నీ
మావయ్య