సమాధానం: "ఇది పోస్ట్‌కలోనియల్ కాదు" అని గైడ్ పేపర్ వెనక్కిస్తే

భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం మీద మీరు రాసిన పేపర్ పోస్ట్‌కలోనియల్ (వలస పాలన మిగిల్చిన అధికార సంబంధాలను ప్రశ్నించే తీరు) కాదని గైడ్ వెనక్కిచ్చారు, ఇప్పుడేం చేయాలని అడిగారు. అందులో దీపస్తంభం, భజన, సచ్చిదానంద త్రిత్వం (క్రైస్తవ త్రిత్వాన్ని సత్, చిత్, ఆనందంగా చెప్పడం) అన్నీ ఉన్నాయి. అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే లేదు. గైడ్ "ఇది ఇన్‌కల్చరేషనే" (అంటే విశ్వాసాన్ని స్థానిక సంస్కృతి రూపాల్లో చెప్పడమే) అన్నది అందుకే అయ్యుంటుంది. టెన్షన్ పడకండి, మొత్తం తిరగరాయక్కర్లేదు.

1. 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో భారతీయ క్రైస్తవ నాయకుడు వి.ఎస్. అజరయ్య ప్రసంగం చేర్చండి. మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలి అని మిషనరీల ముఖానే చెప్పారాయన. రెండేళ్లకు దోర్నకల్ బిషప్ అయ్యారు.

2. అందరూ దాటేసేది ఇదే. "భారతీయ సంస్కృతి" అని రాసిన ప్రతిచోటా ఆగి, ఎవరి సంస్కృతి అని మార్జిన్‌లో రాసుకోండి. బెంగాలీ క్రైస్తవ ఆలోచనాపరుడు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ దగ్గర మీకు వచ్చే జవాబు వేదాంతమే. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో దైవశాస్త్రవేత్త అరవింద్ నిర్మల్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే: క్రైస్తవ సంఘంలో ఎక్కువమంది దళితులు, దైవశాస్త్రం మాత్రం బ్రాహ్మణ సంప్రదాయం చుట్టూ తిరుగుతోంది. మన తెలుగు సంఘాలే చూడండి, ఎక్కువ భాగం మాల, మాదిగ కుటుంబాలవి. మీరు చెప్పిన విషయసూచికలో ఆ కుటుంబాల డప్పుకి ఒక్క పేరా కూడా లేదు! (పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పుస్తకాల్లోనూ ఇదే గొడవ.)

3. 1939 నాటి దోర్నకల్ కేథడ్రల్ ఉదాహరణ ఉంచండి. గుమ్మటాల వర్ణన సగానికి కోసేసి, ఆ హిందూ, ముస్లిం శైలులను ఎవరు ఎంచుకున్నారు, లోపల కూర్చునే పల్లె జనానికి వాటితో సంబంధమేంటి అని రాయండి.

రెండోది పూర్తయ్యాకే ముగింపు ముట్టుకోండి.