ప్రెస్ నోట్ అంటే మీటింగ్ మినిట్స్ కాదు

ప్రశ్న: మాది హాలియా. నల్గొండలో డిగ్రీ పూర్తయింది. రెండేళ్లుగా ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా వార్తలు పంపుతున్నాను. సమాచార పౌర సంబంధాల శాఖలో గానీ, ఏదైనా ప్రభుత్వ సంస్థ పీఆర్ విభాగంలో గానీ చేరాలని ఉంది. వార్త రాయడం వచ్చినవాడికి ప్రెస్ నోట్ కోసం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటుందా?

జవాబు: చాలానే ఉంటుంది. విలేకరిగా మీరు దొరికిన సమాచారంలోంచి వార్తను ఏరుకుంటారు. పీఆర్ కుర్చీలోనూ పని అదే. కాకపోతే చుట్టూ నలుగురైదుగురు అధికారులు, ప్రజాప్రతినిధులు ఉంటారు, ఎవరి పేరు వాళ్లకు మొదటి లైన్లోనే కావాలి. ఆ ఒత్తిడికి తలొగ్గితే నోట్ ఇలా తయారవుతుంది:

"కలెక్టరేట్ సమావేశ మందిరంలో ధాన్యం కొనుగోళ్లపై సంబంధిత అధికారులతో సమీక్షా సమావేశం నిర్వహించడం జరిగింది. ఈ సందర్భంగా కలెక్టర్ మాట్లాడుతూ..."

దీంట్లో సమావేశం ఉంది, వార్త లేదు. జిల్లా పేజీ చూసే సబ్ ఎడిటర్ ముందు అలాంటివి పాతిక నోట్లుంటాయి. స్థలం చాలకపోతే కింది నుంచి కోస్తాడు. అసలు విషయం నాలుగో పేరాలో ఉంటే దాంతో సహా పోతుంది. అదే సమావేశాన్ని ఇలా మొదలుపెట్టి చూడండి:

"తేమ 17 శాతం లోపు ఉన్న వడ్లను కేంద్రానికి తెచ్చిన రోజే తూకం వేయాలని కలెక్టర్ కొనుగోలు కేంద్రాల నిర్వాహకులను ఆదేశించారు."

రెండో పేరాలో రైతుకు కావాల్సిన మిగతా సంగతులు రావాలి: తేమ ఎక్కువుంటే ఏం చేయాలి, కేంద్రం ఎన్ని గంటలకు తెరుస్తారు, ఇబ్బంది వస్తే ఏ నంబరుకు చేయాలి. సమావేశం ఎక్కడ, ఎప్పుడు జరిగిందో మూడో పేరాలో చాలు. పేర్లన్నీ చివర "పాల్గొన్నారు" అన్న వాక్యంలో ప్రోటోకాల్ వరుస తప్పకుండా ఇవ్వండి. ఎవరి పేరూ పోలేదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు, డెస్క్ కోసినా వార్త నిలుస్తుంది. మొత్తం 150 నుంచి 200 పదాలు దాటకూడదు.

భాష గురించి ఒక్క మాట. "నిర్వహించడం జరిగింది", "సదరు", "యొక్క" వంటివి ఫైళ్లలోంచి నోట్లలోకి వచ్చి పడతాయి. "నిర్వహించారు" అంటే సరిపోతుంది. రైతు వడ్లు అంటున్నప్పుడు మనం ధాన్యం అనే రాయాలన్న నియమం కూడా లేదు. 1922లోనే నీలగిరి పత్రిక వెలువడిన ఊరు నల్గొండ. ఆఫీసు తెలుగు ఇక్కడ అక్కర్లేదు.

ఎక్కువ పొరపాట్లు దొర్లేది అంకెల్లో. సాగర్ గేట్లెత్తినప్పుడు వచ్చే నోట్లే చూడండి. వచ్చే నీరు, వదిలే నీరు క్యూసెక్కుల్లో (సెకనుకు ఎన్ని ఘనపుటడుగులో) ఉంటాయి. నిల్వ టీఎంసీల్లో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), మట్టం అడుగుల్లో ఉంటాయి. హడావుడిలో ఇన్‌ఫ్లోకు టీఎంసీ తగిలించారంటే నోట్ నవ్వులపాలవుతుంది. సరిచూసుకోవడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి: 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, గేట్లు 26. "భారీగా నీటి విడుదల" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్ని గేట్లు, ఎన్ని అడుగుల మేర, ఎన్ని గంటలకు ఎత్తారో చెప్పాలి. అంకె పక్కన సమయం లేకపోతే పొద్దున్నది ఒక పత్రికలో, సాయంత్రానిది ఇంకో పత్రికలో వచ్చి రెండూ తప్పులా కనిపిస్తాయి.

ధర రాసేటప్పుడు రకం కూడా రాయాలి. 2025-26 సీజన్‌కు వడ్ల క్వింటా మద్దతు ధర సాధారణ రకానికి రూ.2,369, ఏ గ్రేడ్‌కు రూ.2,389. ఒక్కటే రాస్తే మర్నాడు కొనుగోలు కేంద్రం దగ్గర గొడవ. ఇంకో చిక్కు జిల్లాల విభజనతో వచ్చింది. 2016 తర్వాత కూడా కొన్ని శాఖల లెక్కలు ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ పేరుతోనే వస్తుంటాయి. ఆ అంకె ఇప్పటి జిల్లాదా, ఉమ్మడి జిల్లాదా అని అడిగి తెలుసుకోకుండా రాయొద్దు.

"నేడు", "రేపు" అస్సలు వాడకండి. మీరు సోమవారం రాస్తారు, పాఠకుడు మంగళవారం చదువుతాడు. తేదీ, వారం రెండూ ఇస్తే గందరగోళం ఉండదు.

పంపడంలోనూ కిటుకులున్నాయి. నోట్‌ను ప్రింటు తీసి ఫొటో కొట్టి వాట్సాప్ గ్రూపులో పడేస్తే విలేకరి మళ్లీ టైపు చేసుకోవాలి, తప్పులు అక్కడే పుడతాయి. అను ఫాంట్‌లో టైపు చేసింది ఫోన్లో అక్షరాలుగా కనిపించదు. యూనికోడ్‌లో టెక్స్ట్‌గా పంపండి. ఫొటోను డాక్యుమెంట్‌గా జతచేస్తే నాణ్యత తగ్గదు. క్యాప్షన్‌లో ఎడమ నుంచి ఎవరెవరో రాయండి. జిల్లా పేజీలు తొందరగా మూస్తారు కాబట్టి సాయంత్రం 5 దాటనివ్వకండి.

చట్టం విషయంలో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. బాల్య వివాహం ఆపారనో, బాల కార్మికులను కాపాడారనో నోట్ ఇచ్చేటప్పుడు పిల్లల పేరు, ఫొటో, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ ఉండకూడదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. అధికారి పక్కన పిల్లను నిలబెట్టి తీసిన ఫొటో ఎంత మంచి ఉద్దేశంతో పంపినా తప్పే. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు పథకాలను పొగిడే నోట్లు కూడా ఆపేయాలి.

ఇక చదువు. నోటిఫికేషన్‌ను బట్టి అర్హత మారుతుంది. కొన్నింటికి డిగ్రీ చాలు, కొన్ని జర్నలిజం లేదా పీఆర్ డిప్లొమా అడుగుతాయి. అందుకే డిప్లొమానో పీజీనో చేతిలో ఉంచుకోవడం మేలు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వంలో చేరాలనుకుంటే సివిల్స్ ద్వారా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ గ్రూప్-ఎ ఉంది. కానీ మీకున్న పెట్టుబడి ఆ రెండేళ్ల విలేకరి పని. ఒక నెలపాటు ప్రతి సోమవారం ప్రజావాణి (కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) నోట్ సంపాదించి, మర్నాడు నాలుగు పత్రికల్లో ఏ వాక్యం మిగిలిందో, ఏది పోయిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నోట్లనే మీరు తిరగరాసి దాచుకోండి. ఇంటర్వ్యూలో చూపించడానికి పనికొస్తాయి.

వాటితోపాటు పత్రికలో తప్పుగా వచ్చిన వార్తకు ఒక ఖండన కూడా రాసి చూడండి. పరీక్ష పెట్టేవాళ్లు ఎక్కువగా ఇదే అడుగుతారు. పత్రిక పేరు, తేదీ, పేజీ, శీర్షిక మొదట. తర్వాత తప్పున్న వాక్యం ఒక్కటే ఎత్తి రాసి, దాని పక్కన సరైన అంకె, అది ఏ రికార్డులో ఉందో ఇవ్వాలి. వార్తలో నిజమైన భాగం ఉంటే దాన్ని ఒప్పుకుని, ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి. "పూర్తిగా నిరాధారం" అని రాశారంటే విలేకరి మర్నాడు ఫొటోతో సహా వస్తాడు.