కిల్ట్ వేసుకోబోతున్న అమ్మాయికి

చి. సింధుకు పిన్ని ఆశీస్సులు.

ఎడిన్‌బరోలో నీ పట్టా పండగకీ, ఆ రాత్రి అందరూ కలిసి ఆడే కేలీ అనే స్కాటిష్ జానపద నాట్యానికీ కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ ఊలు గళ్ళ బట్ట, వేసుకోవాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆడవాళ్ళు వేసుకుంటే అక్కడివాళ్ళు ఏమైనా అనుకుంటారా అని నువ్వు తటపటాయిస్తున్నావట. ఏమీ అనుకోరు. పాతకాలంలో హైలాండ్స్ అనే స్కాట్లాండ్ కొండసీమ ఆడవాళ్ళు కట్టుకున్నది ఎరసాయిడ్ అనే పెద్ద శాలువ లాంటి బట్ట. కిల్ట్ మగవాళ్ళదే, నిజమే. 1746లో హైలాండ్ దుస్తుల్ని నిషేధించిన చట్టం కూడా మగవాళ్ళనీ మగపిల్లల్నీ మాత్రమే పేర్కొంది. ఆ చట్టం 1782లో రద్దయింది. తర్వాత హైలాండ్ నాట్యం పోటీల్లోకీ, బ్యాగ్‌పైపులు వాయించే పైప్ బ్యాండ్లలోకీ అమ్మాయిలు కిల్ట్‌తోనే వచ్చారు. ఇంగ్లండులోని డేగెన్‌హామ్ అమ్మాయిల పైప్ బ్యాండ్ 1930లోనే మొదలైంది. కాబట్టి ధైర్యంగా వేసుకో, కానీ తెలిసి వేసుకో.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకో. కిల్ట్ వెనక కుచ్చిళ్ళు కుట్టినవాళ్ళ పనితనం, వాటి జోలికి పోవద్దు. ముందు కుచ్చిళ్ళు లేకుండా చదునుగా ఉన్న భాగాన్ని ఏప్రన్ అంటారు. ఆ ఏప్రన్, నడుము, భుజం, కాళ్ళు నీవి. నీ సరదాలన్నీ అక్కడే తీర్చుకో. అదీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలిగేలా ఉండాలి. అద్దాలు కుట్టడం, జరీ అంచు వేయడం, చీరకి వేసినట్టు ఫాల్ వేయడం, ఇవేవీ కిల్ట్ మీద పనికిరావు. ఊలు ఆవిరికి కాస్త ముడుచుకుంటుంది, జరీ ముడుచుకోదు. ఒక్కసారి ఇస్త్రీ పెట్టగానే అంచంతా అలలు తేలుతుంది.

అద్దెకి తీసుకుంటే సరిపోతుందిగా అని అడిగావట. అద్దెకిచ్చేవి ఎక్కువగా మగవాళ్ళ కొలతలకి కుట్టినవి. మన శరీరానికి అసలు తేడా ఎక్కడొస్తుందో చూడు. నీ నడుము 28, తుంటి 38 అంగుళాలు అనుకుందాం. వెనక కుచ్చిళ్ళ భాగం తుంటి దగ్గర 20 అంగుళాలు, మడతలు 26 ఉంటే ఒక్కో మడత ముప్పావు అంగుళం పైచిలుకు. అదే భాగం నడుము దగ్గరికొచ్చేసరికి 14 అంగుళాలకి తగ్గాలంటే ఒక్కోటి అర అంగుళం చిల్లరే ఉండాలి. ప్రతి మడతా పైకి పోయేకొద్దీ అలా సన్నబడాలి, దాన్ని చేత్తో కుడతారు. మగవాళ్ళ కిల్ట్‌లో ఈ సన్నబడటం చాలా తక్కువ. దాన్ని నువ్వు వేసుకుంటే నడుము దగ్గర వదులై జారుతుంది, తుంటి దగ్గర బిగిసి కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. బకిల్ ఎంత బిగించినా ఆ తప్పు సరికాదు. అద్దెకే అయితే తుంటి కొలత సరిపోయేది తీసుకుని, నడుము దగ్గర వెడల్పాటి బెల్టుతో సర్దుకో. నడుము సరిపోయింది కదా అని తుంటి బిగుతుగా ఉన్నది మాత్రం తీసుకోకు.

కుట్టించుకుంటే గనక నాలుగు కొలతలు ఇవ్వు. బొడ్డు దగ్గర నడుము (జీన్స్ వేసుకునే చోటు కాదు), తుంటి అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట చుట్టుకొలత, ఆ రెండింటి మధ్య దూరం, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా పొడవు. పొడవు సరిచూసుకోవడానికి మోకాళ్ళ మీద నిటారుగా నిలబడు. కింది అంచు నేలకి సుమారు అంగుళం పైన ఉండాలి. పొట్టిగానో పిక్కల దాకానో కావాలంటే ఆ సంగతి ముందే తేల్చుకో, ఎందుకంటే కిల్ట్ అడుగున హెమ్మింగ్ ఉండదు. మగ్గం మీద వచ్చిన నేత అంచే కింది అంచు. తర్వాత పొట్టి చేయాలంటే దాన్ని కత్తిరించి మడవాలి. 26 మడతల అడుగున మడిచి కుడితే దళసరిగా ఉబ్బి, కుచ్చిళ్ళు కత్తి అంచులా నిలబడవు.

బట్ట విషయంలో మొహమాటపడకుండా అడుగు. ఊలు బట్టని గజం బరువుతో చెబుతారు: 10, 11 ఔన్సులు తేలిక, 13 మధ్యరకం, 16 బరువు. పూర్తి మగ కిల్ట్‌కి 8 గజాలంటారు, నీకు అంత అవసరం లేదు. గళ్ళ డిజైన్ ఒక వరస పూర్తయ్యే దూరాన్ని సెట్ అంటారు. వెనకవైపు కూడా గళ్ళు చెదరకుండా కనబడాలంటే ఒక్కో మడతకి ఒక సెట్ పోతుంది. సెట్ 6 అంగుళాలైతే 26 మడతలకి 156 అంగుళాలు, అంటే నాలుగు గజాల పైన. ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు ఏప్రన్లకి (లోపలిదీ, పైదీ) మరో గజంన్నర, రెండు గజాలు. సెట్ 8 అంగుళాలైతే మడతలకే దాదాపు ఆరు గజాలు కావాలి. నీలా సన్నగా ఉన్నవాళ్ళకి చిన్న సెట్ ఉన్న టార్టన్ (కిల్ట్ గళ్ళ నేత) ఎంచుకుంటే బట్టా తగ్గుతుంది, గళ్ళూ శరీరానికి నప్పుతాయి. నా మాట వింటే 13 ఔన్సులది తీసుకో. 10 ఔన్సులది ఎడిన్‌బరో గాలికి నిలవదు.

ఏ టార్టన్ వేసుకోవాలో నిర్బంధించే చట్టం లేదు, కాకపోతే బాల్మోరల్ అనే టార్టన్ రాజకుటుంబానిది. క్లాన్ (స్కాటిష్ వంశం) సంబంధం లేని మనలాంటివాళ్ళకి బ్లాక్ వాచ్, కాలెడోనియా, లేదా ఊరి పేరు మీద ఉన్న ఎడిన్‌బరో టార్టన్ బాగుంటాయి. క్లాన్ గుర్తు చుట్టూ బెల్టూ బకిల్ ఉన్న బ్రోచ్ మాత్రం కొనకు. ఆ గుర్తు క్లాన్ పెద్దది. అది పెట్టుకుంటే ఆ పెద్దకి చెందినదాన్నని చెప్పుకున్నట్టు.

కొత్త కిల్ట్ వచ్చినప్పుడు కుచ్చిళ్ళ మీద తెల్లదారంతో కచ్చాకుట్లు ఉంటాయి. వేసుకునే ముందు వాటిని విప్పేయాలి. ఆ దారం పారేయకుండా అవి ఎక్కడెక్కడ వేశారో గుర్తుపెట్టుకో, తర్వాత ఇస్త్రీకి నువ్వూ అలాగే వేసుకోవాలి. కట్టుకునే పద్ధతి ఇది. లోపలి ఏప్రన్‌ని కుడి నుంచి ఎడమకి తెచ్చి, దాని తోలు పట్టీని ఎడమవైపు నడుంపట్టీలో ఉన్న రంధ్రంలోంచి బయటికి తీసి బకిల్ పెట్టు. అప్పుడు ఆ లోపలి అంచుని అర అంగుళం పైకి లాగి పెట్టు. లేకపోతే నడుస్తుంటే పై ఏప్రన్ కింద నాలుకలా బయటికి వేలాడుతుంది, అందరూ చేసే తప్పే ఇది. ఆ తర్వాత పై ఏప్రన్‌ని ఎడమ నుంచి కుడికి వేసి, నడుము దగ్గరా తుంటి దగ్గరా బకిళ్ళు పెట్టు. తుంటి బకిల్‌ని బిగించకు, బట్ట ఆనితే చాలు. ఆడవాళ్ళకని ప్రత్యేకంగా కుట్టేవాళ్ళలో కొందరు ఇదంతా ఎడమవైపు ముగిసేలా తిప్పుతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడిగేయి.

ఇక సింగారం సంగతి. కిల్ట్ పిన్ అనగానే మన చీర పిన్నీసు అలవాటు కొద్దీ రెండు పొరలూ కలిపి గుచ్చేస్తావేమో, అది వద్దు. పై ఏప్రన్‌కి మాత్రమే పెట్టాలి. రెండూ కలిపి గుచ్చితే అడుగు వేసిన ప్రతిసారీ పొరలు ఎదురెదురుగా లాగి బట్ట చిరుగుతుంది. పిన్ పని బరువుతో ఏప్రన్‌ని గాలికి లేవకుండా ఉంచడమే. కుడివైపు జాలరు అంచు నుంచి రెండంగుళాలు లోపలికి, కింది అంచు నుంచి నాలుగంగుళాలు పైకి నిలువుగా పెట్టు. పిన్ మొనతో దారాన్ని చీల్చకు. మెల్లగా తిప్పుతూ దారాల మధ్య సందు వెతికి లోపలికి తోయి. తీసేశాక ఆ చోటుని గోటితో రుద్ది, కాస్త ఆవిరి పట్టిస్తే రంధ్రం మూసుకుపోతుంది. నీ చేతి ముద్ర వేయాలంటే ఈ పిన్నే మంచి చోటు. మూడంగుళాల మామూలు పిన్ కొని, చిన్న రింగులతో పూసలో, రెండు మువ్వలో వేలాడదీయి. అన్నీ కలిపి 30 గ్రాములు దాటితే ఏప్రన్ అక్కడ కిందికి సాగి గుంట పడుతుంది.

మీ అమ్మమ్మ ఇచ్చిన కరీంనగర్ వెండి నగిషీ బిళ్ళని బ్రోచ్‌గా పెట్టుకోవాలని ఉందటగా, చాలా మంచి ఆలోచన. కానీ ఆ సన్నటి వెండి తీగల కొనలు ఊలు పోగుల్ని పట్టేస్తాయి, లాగితే తీగ వంగిపోతుంది. బిళ్ళ కొలతకి మందపాటి ఫెల్ట్ ముక్క కత్తిరించి వెనక కుట్టు, పిన్ను ఆ ఫెల్ట్‌కి బిగించు. దాన్ని ఏప్రన్ మీద కాకుండా భుజం మీద, శాష్ పట్టే చోట పెట్టుకో. శాష్ అంటే దాదాపు 90 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు ఉండే టార్టన్ పట్టీ. మామూలు ఆడవాళ్ళు కుడి భుజం మీద వేసుకోవడం మర్యాద. ఎడమ భుజం క్లాన్ పెద్దలకీ, వాళ్ళ భార్యలకీ, స్కాటిష్ రెజిమెంట్ల కల్నళ్ళ భార్యలకీ కేటాయించినది. మన ఓణీ ఎడమ భుజానికి అలవాటు కదా, అక్కడే పొరపాటు పడతావు. లోపల పట్టు జాకెట్టు వద్దు, పట్టులో పిన్ను రంధ్రం పూడదు. మంగళగిరి నూలుతో చొక్కా కుట్టించుకో. రంగుని టార్టన్‌లో పెద్దగా కనిపించే గడి నుంచి తీసుకోకు, అన్నిటికంటే సన్నటి గీత నుంచి తీసుకో. చూడ్డానికి ఎంత తేడా వస్తుందో నీకే తెలుస్తుంది.

ఎడిన్‌బరోలో కొనాలనుకుంటే లకెన్‌బూత్ బ్రోచ్ చూడు. హృదయాకారం, పైన కిరీటం. ఒకప్పుడు సెయింట్ జైల్స్ చర్చి పక్కనున్న దుకాణాల్లో అమ్మేవారు కాబట్టి ఆ పేరు. పెళ్ళి మాట ఇచ్చుకున్నాక ఇచ్చేవారు, పిల్లల శాలువకి దిష్టి తగలకుండా గుచ్చేవారు. మన ఇళ్ళల్లోనూ ఉన్న నమ్మకమే అది.

నడుముకి వడ్డాణం పెట్టుకోవచ్చు, కానీ బిళ్ళల వడ్డాణం వెనకభాగం ఊలుని గీరుతుంది. కిల్ట్‌కి వెనక ఉన్న రెండు లూపుల్లోంచి ఒకటిన్నర అంగుళాల తోలు బెల్టు వేసి, దాని మీద ముందువైపు మాత్రమే బిళ్ళలు కట్టు. నడుము ముందు వేలాడే స్పోరాన్ సంచీ వేసుకుంటే గొలుసు బదులు తోలు పట్టీతో వేసుకో, గొలుసు రాపిడికి నడుము దగ్గర ఊలు అరిగిపోతుంది. మేజోడులో పెట్టుకునే స్గియన్ డూ కత్తి నీకు అక్కర్లేదు. సరదా పడితే మొన లేని నకలు పెట్టుకో, విమానంలో చేతిసంచీలోకి మాత్రం అసలుదీ వద్దు, నకలూ వద్దు.

కేలీకి వెళ్ళేముందు గాజు గాజులు తీసేయి. స్ట్రిప్ ది విల్లో నాట్యంలో మోచేతులు మెలేసి గిరగిరా తిప్పుతారు. గాజు పగిలిందంటే నీ చెయ్యే కాదు, అవతలివాళ్ళ చెయ్యీ తెగుతుంది. జూకాలు కూడా చిన్నవే పెట్టుకో. స్పోరాన్‌ని తుంటి పక్కకి జరుపు. కూర్చునేటప్పుడు రెండు అరచేతులతో వెనక కుచ్చిళ్ళని కిందికి నిమురుతూ కూర్చో.

ఇంటికొచ్చాక నీళ్ళలో వేయకు. నడుంపట్టీ దగ్గర క్లిప్పులు పెట్టి ఒక రాత్రి గాలికి వేలాడదీయి, ముడతలు చాలావరకు అవే పోతాయి. ఇస్త్రీ కావాలంటే కచ్చాకుట్లు వేసి, తడిగుడ్డ పరిచి, పెట్టెని ఎత్తి ఆనించు, రుద్దకు. సెలవులకి విజయవాడ తెచ్చుకునేటప్పుడు కుచ్చిళ్ళు సమంగా పరిచి, పక్క నుంచి చాపలా చుట్టి, పాత నైలాన్ మేజోడు కాలొకటి కత్తిరించి అందులోకి దూర్చు. సూట్‌కేసులో ఎటు దొర్లినా మడత చెదరదు. ఇక్కడి పెట్టెలో దాచేటప్పుడు ఒక పాత నూలు చీరలో చుట్టి పెట్టు, వానాకాలంలో నెలకోసారి తీసి దులిపి చూడు. చిమ్మటలు ముందుగా పట్టేది కుచ్చిళ్ళ లోపలి మడతల్నే.

ప్రేమతో,
పిన్ని