క్యారేజీ పట్టుకుని రోజూ బీచ్‌కి వెళ్తున్నాను

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మెకానికల్ ఇంజనీర్ని. పరవాడలో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. కాంట్రాక్టు అయిపోయి నాలుగు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ కట్టిన క్యారేజీ తీసుకుని ఆర్కే బీచ్‌లో కూర్చుని, సాయంత్రం ఇంటికి వస్తున్నాను. పీఎఫ్ డబ్బు తీసి జీతమని ఇస్తున్నాను. ఇంజనీర్ల సంఘంలో చేరి నలుగురితో పరిచయాలు పెంచుకోమంటున్నాడు స్నేహితుడు. ఉద్యోగం లేదని ఒకరి ముందు చేయి చాచడం నావల్ల కాదు. చేరితే లాభముంటుందా?
— ఓ సోదరుడు, గాజువాక

జవాబు: ఆ క్యారేజీ మూత ఒక్కరే తీసుకుని, సముద్రం వైపు చూస్తూ తినే ముద్ద ఎలా దిగుతోందో నేను ఊహించగలను. మీరు తప్పు చేయలేదు, కాంట్రాక్టు అయిపోయింది, అంతే. కానీ దాచడం వల్ల ఇంట్లోవాళ్లతో పాటు ఉద్యోగం చూపించగలిగేవాళ్లు కూడా మీకు దూరమయ్యారు. మీరు ఖాళీగా ఉన్నారని తెలియని మనిషి మీ పేరు ఎవరికి చెబుతాడు?

మీ స్నేహితుడి మాట మంచిదే. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో ఏర్పడింది, విశాఖలోనూ దాని సెంటర్ ఉంది. ఏఎంఐఈ, అంటే ఆ సంస్థ అసోసియేట్ సభ్యత్వం, పరీక్షలు రాసేవాళ్లకే అనుకుంటారు చాలామంది. డిగ్రీ ఉన్నవాళ్లు నేరుగా ఆ హోదాలో సభ్యులు కావచ్చు. అయితే సభ్యత్వం కట్టగానే ఉద్యోగం రాదు. ఇప్పుడు మీకు ప్రతి రూపాయీ ముఖ్యం కాబట్టి, ముందు అక్కడికి ఫోన్ చేసి, ఉపన్యాసాలకు బయటివాళ్లు రావచ్చా అని అడగండి. రెండుసార్లు వెళ్లి చూశాక ఫీజు సంగతి ఆలోచించండి. సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డే, ఆ రోజుల్లో కార్యక్రమాలు ఎక్కువగా ఉంటాయి.

చేయి చాచడం అన్నారే, ఆ మాట నన్ను బాధపెట్టింది. అక్కడ ఎవరినీ ఉద్యోగం అడగనక్కర్లేదు. "సార్, మీ ప్లాంటులో షట్‌డౌన్ ఎప్పుడు? ఆ పనులు ఏ కాంట్రాక్టరు చేస్తున్నారు?" అనండి. మెయింటెనెన్స్ మనిషిని మెయింటెనెన్స్ మనిషి అడిగే మాట అది. షట్‌డౌన్ సమయంలో, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు, అనుభవం ఉన్నవాళ్లు అవసరమవుతారని మీకే బాగా తెలుసు. నంబర్ తీసుకుని, మర్నాడు రెండు ముక్కల మెసేజ్ పెట్టండి. మీతో పనిచేసిన పాత ఫోర్‌మన్‌కీ, కాలేజీ స్నేహితులకీ కూడా ఫోన్ చేయండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వకండి.

కానీ వీటన్నిటికన్నా ముందు మీ ఆవిడతో మాట్లాడాలి. పీఎఫ్ డబ్బు ఎన్నాళ్లొస్తుంది? అది అయిపోయిన రోజున తెలిస్తే, ఉద్యోగం పోయినందుకు కాదు, నాలుగు నెలలు తనను నమ్మనందుకు ఆమె ఏడుస్తుంది. పిల్లలు పడుకున్నాక బ్యాంకు పుస్తకం ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోప్పడితే పడనివ్వండి, ఎదురు చెప్పకండి. రేపు క్యారేజీ కట్టొద్దని ఈ రాత్రే చెప్పండి.