సుధా, బోల్టు దగ్గర ఆగిపోకు

చి. సుధకు మావయ్య ఆశీస్సులు.

విమాన ప్రమాదాల దర్యాప్తులో నీకు ఉద్యోగం వచ్చిందని అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సాయంత్రం కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. శకలాల మధ్య తిరగవలసిన పని కదా తల్లీ.

బ్లాక్ బాక్సు సంగతులు, శకలాలు పడిన చోట్లు గుర్తించడం అక్కడే నేర్పుతారు. దేశాలన్నీ విమానయానం మీద చేసుకున్న షికాగో ఒప్పందంలో, ప్రమాదాల దర్యాప్తు గురించిన 13వ అనుబంధం నువ్వు చదివే ఉంటావు. దర్యాప్తు మరో ప్రమాదం జరగకుండా చూడటానికే గాని, దోషిని తేల్చడానికి కాదని అందులో ఉంది. టీవీలు సాయంత్రానికల్లా తీర్పు చెప్పేస్తుంటే ఆ మాట మీద నిలబడటమే కష్టం.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్ వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17 వేల అడుగులు దాటాక, కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. గాలి ఆయనను నడుము దాకా బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్లు వదలకుండా పట్టుకున్నారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

ఆ అద్దం మార్చి 27 గంటలే అయింది. 90 బోల్టులలో 84 సన్నవి, తేడా 0.026 అంగుళం. మిగతా ఆరు పొట్టివి. బిగించింది స్వయంగా షిఫ్ట్ మేనేజరే. నిర్లక్ష్యమని రాసి ఫైలు మూసేయవచ్చు. దర్యాప్తు చేసినవాళ్లు మూయలేదు. స్టోరులో సరైన నంబరు చెప్పినా, ఆయన ఊడదీసిన పాత బోల్టుతో పోల్చి కొత్తవి ఏరుకున్నాడు. ఆ పాతదే తప్పు రకం, అయినా ఏళ్ల తరబడి అద్దాన్ని పట్టుకునే ఉంది! వేళ తెల్లవారుజాము, మనుషులు చాలరు, బోల్టుల అరల దగ్గర మసక వెలుతురు, ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం ఆ పనికి లేనే లేదు.

బేగంపేట హ్యాంగరులో రాత్రి షిఫ్టులు చేసినవాణ్ణి. మూడింటికి వేళ్లు ఎలా మొద్దుబారతాయో నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను, మెకానిక్కును నీ గదికి పిలిపించకు. అదే వేళకు, అదే దీపం కిందికి నువ్వే వెళ్లు. ‘ఎందుకు చూసుకోలేదు?’ అని గద్దించకు, ‘అప్పుడు నీకేం కనిపించింది?’ అని అడుగు. భయపడ్డ మనిషి నోరు విప్పడు. రేపటి విమానాన్ని కాపాడే సంగతి అతని దగ్గరే ఉండిపోతుంది.

ఇంకొకటి. శకలాల దగ్గర రక్తం తగిలితే సోకే హెపటైటిస్-బికి టీకా వాయిదా వేస్తున్నావట, ఏమిటా బద్ధకం? మూడు మోతాదులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. విమాన భాగాల్లో వాడే కార్బన్ ఫైబర్ కాలితే, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎవరెంత తొందరపెట్టినా మాస్కు, చేతి తొడుగులు లేకుండా శకలాల దగ్గరికి అడుగు వేయకు. రేపే మొదటి టీకా వేయించుకుని ఫోను చెయ్యి.

నీ మావయ్య