గడ్డి గీతల బరువు

ప్రశ్న: పర్లాకిమిడిలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆటోక్యాడ్ ఫైలు 4 ఎంబీయే, పీడీఎఫ్ చేస్తే 38 ఎంబీ అవుతోంది. గుణుపురం సైట్లో మేస్త్రి ఫోన్లో తెరుచుకోదు. నెట్‌లో కంప్రెస్ చేసి పంపితే కొలతల్లో 3 ఏదో 8 ఏదో తెలియక ఫోన్ చేసి అడుగుతున్నాడు. ఏం చెయ్యాలి?
— ఒక డ్రాఫ్ట్స్‌మన్, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ కంప్రెస్ చెయ్యడం మానెయ్యండి. బరువు తగ్గించాల్సింది డ్రాయింగులో.

కంప్రెస్ చెయ్యని ఆ 38 ఎంబీ పీడీఎఫ్ తెరిచి 800 శాతం జూమ్ చెయ్యండి. గీతల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తే మీ ప్లాను ఫొటోగా మారిపోయినట్టే. ప్లాట్ చేసేటప్పుడు, అంటే డ్రాయింగును పీడీఎఫ్‌గా తీసేటప్పుడు, ‘ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ’ దగ్గర టిక్ ఉందేమో చూడండి. ట్రాన్స్‌పరెంట్ రంగులు వేసి ఆ టిక్ పెడితే షీటంతా బొమ్మయిపోతుంది. తీసేయండి.

అంచులు నున్నగానే ఉన్నాయా? అయితే హ్యాచ్‌ని, అంటే గడ్డి, ఇటుకల్లాంటివి చూపడానికి ఖాళీ నింపే గీతల్ని అనుమానించండి. బరంపురంలో నా దగ్గరికి ఒక కుర్రాడు ఇలాంటి ఫైలే తెచ్చాడు. ఇంటి ముందు జానెడు తోట, ప్రింటులో నల్లటి మచ్చ. స్క్రీన్ మీద దగ్గరికెళ్లి చూస్తే గడ్డిపోచ మీద గడ్డిపోచ! హ్యాచ్ స్కేలు మరీ చిన్నగా ఇచ్చాడు. కాగితం మీద మచ్చే అయినా ఫైల్లో ప్రతి పోచా లెక్కకొస్తుంది. స్కేలు పెంచాం. గడ్డి గడ్డిలా కనిపించింది, ఫైలు బరువూ దిగింది. పనిలో పనిగా ‘ఓవర్‌కిల్’ కమాండ్ కొట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకున్న గీతలు పోతాయి. కింద శాటిలైట్ ఫొటో అతికించి ఉంటే మేస్త్రి కాపీలో దాని లేయర్ (పొర) ఆపేయండి.

తర్వాత ‘డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్’ ప్లాటర్‌తోనే తీయండి. ఫిట్ టు పేపర్ వద్దు, స్కేలు పోతుంది. 40 × 60 అడుగుల స్థలం 1:100లో సుమారు 12 × 18 సెంటీమీటర్లు, ఏ3లో హాయిగా పడుతుంది. 1:50లోనూ పడుతుంది గానీ టైటిల్ బ్లాక్ (పేరు, స్కేలు రాసే గడి) ఇరుకవుతుంది. లేయర్ ఇన్ఫర్మేషన్ టిక్ కూడా తీసేయండి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇంటాయన పేరు ఒడియాలో, మేస్త్రికి నోటు తెలుగులో రాస్తాం. విండోస్‌లో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఫాంట్లు వాడుకోవచ్చు (పేర్లు సరిహద్దుకు భలే కుదిరాయి). పీడీఎఫ్ ఆప్షన్లలో ‘క్యాప్చర్ ఫాంట్స్’ టిక్ ఉంచితే అవి ఫైలుతోపాటే వెళ్తాయి. దాని పక్కనున్న ‘కన్వర్ట్ ఆల్ టెక్స్ట్ టు జామెట్రీ’ మాత్రం ముట్టుకోకండి. అక్షరాలన్నీ గీతలైపోతాయి, పేరు పెట్టి వెతికినా దొరకదు.

అన్నట్టు, గోడ కట్టే మనిషికి కరెంటు లేఅవుట్ ఎందుకు? అతని షీటు ఒక్కటే విడిగా పంపండి. పంపేముందు మీ ఫోన్లోనే తెరిచి, బాత్రూమ్ వెంటిలేటర్ కొలత చదివి చూడండి.