పెరటి వాలుకు స్లీపర్ల కట్ట

ప్రశ్న: మాది హన్మకొండ శివారు. ఇంటి వెనక పెరడు 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. ఇంటి గోడ నుంచి చివరి ప్రహరీకి పోయేసరికి 3 అడుగులు దిగుతుంది. వాన కొడితే ఎర్రమట్టంతా కిందికి పోతోంది. పాత రైల్వే చెక్క స్లీపర్లతో తక్కువ ఖర్చులో చదును చేసుకోవచ్చా? మట్టి ఎన్ని ట్రాక్టర్లు తోలించాలి?

జవాబు: బయటి మట్టి ఒక్క తట్ట కూడా అక్కర్లేదు. ముందు మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో లెవెల్ చూడండి. వాలు అంతటా ఒకేలా ఉంటే ఇంటి గోడ నుంచి 7.5 అడుగుల దగ్గర ఒక కట్ట, 22.5 అడుగుల దగ్గర ఇంకో కట్ట వేయండి. ఒక్కోటి అడుగున్నర ఎత్తు. ప్రతి కట్టకు కింది వైపు తవ్విన మట్టి అదే కట్ట పై వైపు నింపడానికి సరిపోతుంది. తవ్వకం కట్ట దగ్గర 9 అంగుళాల లోతు, అక్కడి నుంచి 7.5 అడుగులు పోయేసరికి సున్నా. రెండింటికీ కలిపి సుమారు 100 ఘనపుటడుగులు. పైపొర సారవంతమైన మట్టిని మాత్రం విడిగా కుప్ప పోసి, చివర్లో పైన పరవండి.

బ్రాడ్‌గేజ్ స్లీపర్ సుమారు 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం. అంచు మీద నిలబెట్టి రెండు వరసలు పేరిస్తే 20 అంగుళాలు. అందులో 2 అంగుళాలు భూమిలోకి పోవాలి. కట్టకు నాలుగు చొప్పున ఎనిమిది చాలు. పై వరసలో ఒకదాన్ని సగానికి కోసి రెండు చివరలా పెడితే అతుకు మీద అతుకు రాదు.

కొనేటప్పుడు సుత్తితో కొట్టి చూడండి. బోలుగా మోగితే లోపల పుచ్చినట్టే. మేకులు దిగిన రంధ్రాల్లో స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడే ముక్కను వదిలేయండి. రైల్వే వీటిని వేలంలో అమ్ముతుంది కాబట్టి దుకాణంలో బిల్లు అడిగి తీసుకోండి. ఎలా వచ్చిందో లెక్క చెప్పలేని రైల్వే సామాను ఇంట్లో ఉంచుకోవడం 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం నేరం.

ఇక కట్ట ఒరిగిపోయేది ఎక్కువగా వెనక నిలిచిన నీటి వల్లే. డబ్బు ఆదా చేయాలంటే చెక్కలో చేయండి, ఇక్కడ చేయకండి. 6 అంగుళాల లోతు గాడి తీసి, 4 అంగుళాలు కంకర వేసి దిమ్మిస కొట్టి, దాని మీద మొదటి వరస పెట్టండి. కట్టకు కింది వైపు నాలుగున్నర అడుగులకొకటి చొప్పున 4 అడుగుల ఇనుప యాంగిళ్లు పాతండి. రెండున్నర అడుగులు భూమిలో ఉండాలి. చుట్టూ అడుగు వెడల్పు గుండ్రటి గుంటలో 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీట్. మొత్తం పది యాంగిళ్లు, నాలుగు సిమెంటు బస్తాలు. కాంక్రీట్ కనీసం వారం గట్టిపడ్డాకే వెనక మట్టి నింపండి. తొందరపడితే యాంగిల్ అప్పుడే వంగుతుంది.

చెక్క వెనక 6 అంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకర, రెండు కట్టలకూ కలిపి 27 ఘనపుటడుగులు. కంకర అడుగున, రంధ్రాలు కిందికి ఉండేలా 3 అంగుళాల పీవీసీ పైపు పెట్టి, 18 అడుగులకు 2 అంగుళాల వాటం ఇచ్చి, పక్క నుంచి ప్రహరీ తూములోకి వదలండి. కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పెట్టాలి. సిమెంటు సంచులు పరిస్తే రెండు వానలకే బురదతో మూసుకుపోతాయి. మట్టిని 6 అంగుళాల చొప్పున తడిపి, దిమ్మిస కొడుతూ నింపండి. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే మృగశిర నాటికి కట్ట కుదురుకుంటుంది.

ప్రశ్న: ఆ చెక్కల పక్కన కూరగాయలు వేయవచ్చా?

జవాబు: వద్దు. స్లీపర్లకు పట్టించిన క్రియోసోట్ నూనె ఎండకు నల్లగా చెమ్మగిల్లి మట్టిలోకి దిగుతుంది. పాలకూర, కొత్తిమీర మడులు దూరంగా పెట్టండి. అంచుకు బంతి, మందారం బాగుంటాయి. కోసిన ముక్కలను పొయ్యిలో కాల్చకండి, ఆ పొగ విషం. కోసిన చోట నూనె పట్టని చెక్క బయటపడి చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి కాబట్టి చెదల మందు రెండు పూతలు వేయండి. కూరగాయలే ముఖ్యమైతే స్లీపర్లు మానేసి, మన దగ్గర దొరికే రాతి కడీలను అడ్డంగా పేర్చుకోండి. చెదల బెంగ ఉండదు, కట్టే పద్ధతి ఇదే.